ఇరవయ్యో జట్టు ఏ ఊరికి రావాలి?

ప్రశ్న (న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నుంచి)

అందరికీ నమస్కారం. రగ్బీ లీగ్ చూసే తెలుగువాళ్లు ఇక్కడ కొందరు ఉన్నారని తెలిసి అడుగుతున్నాను. 2023లో డాల్ఫిన్స్ చేరికతో ఎన్ఆర్ఎల్‌లో, అంటే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ జట్లు ఆడే రగ్బీ లీగ్ పోటీలో, 17 జట్లయ్యాయి. 2027లో పర్త్ బేర్స్, 2028లో పాపువా న్యూగినీ జట్టు వస్తే 19. బేసి సంఖ్య కాబట్టి ప్రతి వారం ఏదో ఒక జట్టు ఆట లేకుండా కూర్చోవాలి. అందుకే నేడో రేపో ఇరవయ్యో జట్టు మాట వస్తుంది. అది ఏ ఊరికి దక్కాలంటారు?

నా మటుకు నాకు క్రైస్ట్‌చర్చే. ఎందుకో చెబుతాను.

2011 ఫిబ్రవరి 22న వచ్చిన భూకంపంలో ఇక్కడ 185 మంది చనిపోయారు. పగిలిన మురుగునీటి పైపులు మార్చే పనికి ఆ మరుసటి ఏడు నేనీ ఊరికి వచ్చాను. పెద్ద స్టేడియం లాంకాస్టర్ పార్క్ పనికిరాకుండా పోయింది. అప్పుడు ఊరిని ఆదుకున్నది మా ఊళ్లోనే అడింగ్టన్‌లో ఉన్న లీగ్ మైదానం. 2012లో అక్కడే తాత్కాలిక స్టాండ్లు లేపారు. రగ్బీలోనే మరో రకమైన యూనియన్ ఆడే క్రూసేడర్స్ జట్టు ఏళ్ల తరబడి అక్కడే ఆడింది. ఇప్పుడు ఊరి నడుమ పైకప్పుతో 30,000 మంది పట్టే కొత్త స్టేడియం కట్టారు. కష్టకాలంలో చోటిచ్చిన ఆటకు ఆ కొత్త ఇంట్లో ఒక గది దక్కడం న్యాయం కాదా?

మా అమ్మాయికి పదకొండేళ్లు, లీగ్ ఆడుతుంది. శీతకాలం శనివారం పొద్దున మైదానంలో అడుగు పెడితే మంచుపట్టిన గడ్డి బూట్ల కింద కరకరమంటుంది. ఆరు టాకిళ్లలోపు, అంటే అవతలివాళ్లు ఆరుసార్లు పట్టి ఆపేలోపు, బంతిని ముందుకు తీసుకెళ్లాలి కదా, మా అమ్మాయి వాటిని తెలుగులోనే లెక్కపెట్టుకుంటుంది. "నాలుగు, ఐదు" అని ఆమె అరిస్తే పక్కనున్న సమోవా పిల్లకు కూడా ఇప్పుడు అర్థమవుతుంది. ఇంత మంది పిల్లలు ఆడుతున్నా, పదిహేనేళ్లు దాటి బాగా ఆడేవాళ్లు ఆక్లాండుకో సిడ్నీకో సామాను సర్దుకోవాల్సిందే.

మాది కొత్తగూడెం. నాన్న సింగరేణిలో పనిచేశారు. 1895లో ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్‌లో ఇరవైకి పైగా క్లబ్బులు యూనియన్ నుంచి విడిపోయి ఈ లీగ్ ఆటకు పునాది వేసింది, ఆటకు వెళ్లిన రోజు కార్మికుడికి పోయే కూలి ఇవ్వాలా వద్దా అన్న తగాదాతోనే. ఒక్క షిఫ్టు పోతే ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. ఇక్కడ కూడా కొండల అవతల గ్రేమౌత్ గనుల ఊళ్లలో ఈ ఆట వేళ్లూనుకుంది. నేను దీన్ని ఇంతగా ప్రేమించడానికి అదీ ఒక కారణం.

జవాబు (ఆస్ట్రేలియా పడమటి తీరంలోని పర్త్ నుంచి)

అన్నా, మనసుతో రాశారు. కానీ మా ఊరి అనుభవం కూడా వినండి. 1995లో ఒకేసారి నాలుగు జట్లు వచ్చాయి: ఆక్లాండ్ వారియర్స్, నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్, సౌత్ క్వీన్స్‌లాండ్ క్రషర్స్, మా వెస్టర్న్ రెడ్స్. 1997 సీజను ముగిసేసరికి క్రషర్స్, రెడ్స్ రెండూ మూతపడ్డాయి. సిడ్నీ నుంచి ఇక్కడికి సుమారు 3,300 కిలోమీటర్లు. ఇక్కడికి ఆడటానికి వచ్చే జట్ల ప్రయాణం ఖర్చు కూడా రెడ్స్ నెత్తినే పెట్టారు. జనం ఆదరించినా ఆ లెక్క ఎలా తేలుతుంది? 2019లో స్టేట్ ఆఫ్ ఆరిజిన్ (క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల మధ్య పోటీ) మ్యాచ్ ఇక్కడ జరిగితే దాదాపు 60,000 మంది వచ్చారు. అయినా 1997 తర్వాత మాకు మళ్లీ జట్టు రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

కాబట్టి ఊరు ఏదన్నది తర్వాత. మొదటి ఐదేళ్లు నష్టం ఎవరు భరిస్తారో కాగితం మీద రాయించుకోండి. మెల్‌బోర్న్ స్టార్మ్ 1998లో లీగ్ సంప్రదాయం లేని ఊళ్లో దిగి మరుసటి ఏడే కప్పు గెలిచింది. వెనక డబ్బున్న యజమాని ఉండటం వల్లే కదా నిలదొక్కుకుంది.

ఒక్క విషయంలో మీకు మేలు ఉంది. మీ దగ్గర రాత్రి ఎనిమిది అంటే సిడ్నీలో సాయంత్రం ఆరు. టీవీ వాళ్లకు అది చక్కని సమయం.

జవాబు (బ్రిస్బేన్ దగ్గరి ఇప్స్‌విచ్ నుంచి)

గారూ, గనుల మాట మీరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను, మా ఇప్స్‌విచ్ కూడా బొగ్గు ఊరే. పేరున్న లీగ్ ఆటగాళ్లు అలన్ లాంగర్, వాల్టర్స్ సోదరులు ఇక్కడివాళ్లే. మాకు దగ్గరి జట్లు బ్రాంకోస్, డాల్ఫిన్స్ రెండూ ప్రధానంగా బ్రిస్బేన్ లాంగ్ పార్కులోనే ఆడతాయి. మా ఊరి నుంచి అది 40 కిలోమీటర్లు. మ్యాచ్ అయ్యాక నిద్రపోయిన పిల్లాణ్ణి భుజాన వేసుకుని రైల్లో నిలబడి వస్తే ఆ దూరం ఎంతో తెలుస్తుంది. మా ఊళ్లో స్ప్రింగ్‌ఫీల్డ్ వైపు రోజూ కొత్త ఇళ్లు లేస్తున్నాయి, మన తెలుగు కుటుంబాలూ పెరుగుతున్నాయి. ఇంకో సంగతి: మీది గెలుపులకు అలవాటుపడిన క్రూసేడర్స్ ఊరు. వరసగా ఎనిమిది మ్యాచ్‌లు ఓడిన లీగ్ జట్టును చూడటానికి ఎవరు వస్తారు?

ప్రశ్న అడిగిన నేనే

పర్త్ తమ్ముడూ, ప్రయాణ ఖర్చుల సంగతి నిజంగా తెలియదు. కొత్త జట్టు మీద ఆ భారం వేయకూడదన్నది మొదటి షరతు కావాలి. ఒప్పుకుంటున్నాను.

ఇప్స్‌విచ్ అమ్మా, మీ ఊరికి అర్హత లేదని అనను. కానీ మీకు రైలుంది, రెండు జట్లున్నాయి. న్యూజిలాండ్‌లో మేముండే దక్షిణ దీవిలో ఒక్కటీ లేదు. ఆక్లాండులో వారియర్స్ సొంత మైదానానికి వెళ్లాలంటే నలుగురికీ విమానం టికెట్లు కొనాలి. పోయినసారి ఆ డబ్బులు లెక్కవేసి, మానుకుని, టీవీ ముందు కూర్చున్నాం.

ఓడిపోయే జట్టును ఎవరు చూస్తారన్నది గట్టి ప్రశ్నే. అడింగ్టన్‌కు వారియర్స్ వచ్చినప్పుడు నేను చూసిన దాన్ని బట్టి చెబుతున్నాను. గాలికి ఊగే ఆ తాత్కాలిక స్టాండ్లలో వర్షంలో తడుస్తూ, వెనకబడిన జట్టు కోసం చివరి నిమిషం దాకా గొంతు చించుకున్నవాళ్లు వాళ్లు. పైగా ఆ కొత్త స్టేడియానికైన 683 మిలియన్ డాలర్లలో ఎక్కువ వాటా మా నగరపాలక సంస్థదే, అంటే మా ఇంటి పన్నులే. క్రూసేడర్స్ ఆడేది ఏడాదికి కొన్ని మ్యాచ్‌లు. ఎన్ఆర్ఎల్ జట్టయితే సీజనుకు 12 సొంత మ్యాచ్‌లు వస్తాయి. మిగతా రాత్రులు దీపాలు ఆర్పి తాళం వేసుకోవడానికా అంత పెట్టి కట్టింది?

శనివారం తొమ్మిదింటికి హార్న్‌బీలో మా అమ్మాయి మ్యాచ్ ఉంది. ఈ ఊళ్లో ఎవరైనా ఉంటే రండి, ఫ్లాస్కులో టీ తెస్తాను.