నాన్న తొమ్మిదేళ్లుగా వేసుకుంటున్న గ్యాస్ మాత్ర మాన్పించాలా, వద్దా?

తెనాలి ఆడపడుచు
మా నాన్నగారికి 66 ఏళ్లు. రోజూ తెల్లవారుజామున ఐదున్నరకు లేచి, పళ్లు తోముకోగానే స్టీలు గ్లాసు నిండా నీళ్లతో ఒక గ్యాస్ మాత్ర, పాంటోప్రజోల్ 40, వేసుకుంటారు. టిఫిన్ తొమ్మిదికి. మొన్న సంక్రాంతికి ఇల్లు సర్దుతుంటే బిస్కెట్ల డబ్బాలో పాత మందుల చీటీ ఒకటి దొరికింది. తొమ్మిదేళ్ల కిందట మోకాలి నొప్పికి రాసిన చీటీ అది. నొప్పి మాత్ర కింద గ్యాస్ మాత్ర, దాని పక్కన '1-0-0, 5 రోజులు' (పొద్దున ఒక్కటే) అని ఉంది. మడత దగ్గర కాగితం చిరిగింది గానీ ఆ ఐదు అంకె మాత్రం చక్కగా కనిపిస్తోంది.

ఐదు రోజులకు రాసిన మాత్ర తొమ్మిదేళ్లు నడిచింది. మధ్యలో ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. రేపటి నుంచే మాన్పించేద్దామని అనుకుంటున్నాను. అన్నయ్య వద్దంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. తెలిసినవారు చెప్పండి.

కడప నుంచి
మాన్పించండమ్మా. కడుపులో ఆమ్లం ఊరికే పుట్టలేదు. తిన్నది అరగాలన్నా, తిండితో పాటు లోపలికి పోయే క్రిములు చావాలన్నా అదే దిక్కు. దాన్ని ఏళ్ల తరబడి ఆర్పేస్తే ఏమవుతుందో నేను అనుభవించాను.

నాకు షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడతాను. దానితో పాటు ఆరేళ్లు గ్యాస్ మాత్ర. రెండేళ్ల కిందట అరికాళ్లలో చీమలు పాకినట్టు మొదలైంది. షుగర్ వల్లే అనుకున్నాను. చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలిసేది కాదు. చివరికి ఒక డాక్టర్ బి12 విటమిన్ పరీక్ష చేయిస్తే బాగా తక్కువ వచ్చింది. మాంసం, గుడ్లు, పాలలో ఉండే బి12 ప్రోటీన్‌కు అంటుకుని ఉంటుందట, దాన్ని విడదీయడానికి ఆమ్లం కావాలట. మెట్‌ఫార్మిన్ కూడా బి12ను తగ్గిస్తుందట. రెండూ కలిసి నన్ను దెబ్బతీశాయి. ఇంజెక్షన్లు వేయించుకున్నాక తిమ్మిర్లు చాలావరకు తగ్గాయి. ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధ.

ఓరుగల్లు బిడ్డ
అక్కా, తొందరపడకండి. మా పెదనాయన ఫోన్లో వచ్చిన మెసేజ్ చదివి ఇదే పని చేసిండు. 'గ్యాస్ మాత్ర వేస్తే కిడ్నీలు పోతాయి' అని ఉండె అందులో. ఆ మాత్ర ఆపిండు గానీ మోకాళ్ల నొప్పి మాత్ర మాత్రం ఆపలేదు. మూడు వారాలకు విరేచనం తారులెక్క నల్లగ అయింది. కళ్లు తిరిగి బాత్రూంల పడిపోయిండు. కడుపులో పుండు పడి రక్తం కారుతున్నదని గొట్టం వేసి చూసే ఎండోస్కోపీలో తెలిసింది. మూడు సీసాల రక్తం ఎక్కించిన్రు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాల కూర్చున్నోణ్ణి నేను. అందుకే చెప్తున్న, ఎందుకు వాడుతున్నరో తెలుసుకోకుండ ఆపొద్దు.

మందుల షాపులో 22 ఏళ్లు
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నేను షాపులో రోజూ చూసేది చెబుతాను.

మన తెలుగులో 'గ్యాస్' అనే ఒక్క మాటలో నాలుగైదు జబ్బులు దాక్కున్నాయి. పొట్ట ఉబ్బితే గ్యాస్, పుల్లటి తేన్పు వస్తే గ్యాస్, గుండెల్లో మంటకు గ్యాస్, వీపులో పట్టేస్తే గ్యాస్. ఈ మాత్ర తగ్గించేది ఆమ్లాన్ని. పొట్టలో గాలికి దీనితో సంబంధం లేదు. శనగపప్పు వంటకాలు తిని పొట్ట ఉబ్బినవారు కూడా వచ్చి ఇదే అడుగుతారు. ఇంకొక భయం ఉంది. ఒకాయన ఎడమ రొమ్ములో బరువుగా ఉందని, చెమటలు పడుతున్నాయని వచ్చి గ్యాస్ మాత్ర ఇమ్మన్నాడు. ఇవ్వకుండా ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపాను. గుండెపోటు అని సాయంత్రం తెలిసింది. షుగర్ ఉన్నవారిలో గుండెనొప్పి ఇలా మంటలాగానే రావచ్చు.

ఈ అట్టల మీద ఎర్రగీత ఉంటుంది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందని దానర్థం. కానీ ఖాళీ అట్ట ముక్క కత్తిరించి తెచ్చి 'ఇదే ఇంకో రెండు షీట్లు' అంటారు, షాపుల్లో ఇచ్చేస్తారు. నేనూ ఇచ్చాను. ఇప్పుడు మూడు నెలలు దాటినవారిని డాక్టర్ దగ్గరకు వెళ్లి రమ్మంటున్నాను. కొందరు కోపంతో పక్క షాపుకు పోతారు, పోనీ.

వార్డు డ్యూటీ
నేను జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని. ముందు ఈ మాత్ర ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం గొడవ తీరుతుంది.

జీర్ణాశయం గోడలో ఆమ్లం తయారుచేసే కణాలు ఉంటాయి. ఆ కణాల అంచున ఆమ్లాన్ని బయటికి తోడే పంపులు ఉంటాయి, మన బోరు మోటార్ల లాగా. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు ఈ పంపులకు అంటుకుని వాటిని శాశ్వతంగా ఆపేస్తాయి. విచిత్రం ఏమిటంటే మాత్ర నేరుగా కడుపులో పనిచేయదు. ఆమ్లంలో చెడిపోకుండా పైన పూత ఉంటుంది (అందుకే నమలకూడదు, పొడి చేయకూడదు). పేగులో కరిగి, రక్తంలోకి వెళ్లి, అక్కడి నుంచి తిరిగి ఆ కణాలకు చేరుతుంది. పంపు నడుస్తూ ఆమ్లం వస్తున్నచోటే మందు అసలు రూపంలోకి మారి పంపును పట్టుకుంటుంది. నడవని పంపును పట్టుకోలేదు.

పంపులను నడిపేది తిండి. అందుకే తిండికి అరగంట నుంచి గంట ముందు వేసుకోమంటాం. మందు రక్తంలో సగానికి తగ్గడానికి గంటా రెండు గంటలే పడుతుంది. ఐదున్నరకు వేసుకుని తొమ్మిదికి టిఫిన్ తింటే పంపులు మేలుకునేసరికి మందు చాలావరకు వెళ్లిపోయి ఉంటుంది. రాత్రి అన్నం తిన్నాక వేసుకుని 'పనిచేయడం లేదు, డోసు పెంచండి' అనేవారూ రోజూ వస్తారు. పొద్దున తిండికి ముందు వేసుకోమంటే చాలామందికి డోసు పెంచే అవసరమే రాదు. పట్టుకున్న పంపు ఇక లేవదు, శరీరం కొత్త పంపు కట్టుకోవాలి. అందువల్లే రక్తంలో మందు లేకపోయినా ప్రభావం రోజంతా ఉంటుంది, పూర్తి ఫలితానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది.

తెనాలి గారూ, మీ నాన్నగారు వాడే మాత్రలన్నీ రాయండి. గుండెవి, బీపీవి, నొప్పివి, ఏదీ వదలకండి. అది తెలియకుండా ఆపమనీ చెప్పను, కొనసాగించమనీ చెప్పను.

తెనాలి ఆడపడుచు
డాక్టర్ గారూ, నేను ముందు రాయలేదు, దానికీ దీనికీ సంబంధం ఉండదనుకున్నాను. నాలుగేళ్ల కిందట నాన్నగారికి గుండెలో స్టెంట్ వేశారు. అప్పటి నుంచి ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్, బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర. నొప్పి మాత్రలు ఇప్పుడు లేవు.

ఇంకో మాట. మా అమ్మ కూడా ఇదే మాత్ర వేసుకుంటోంది. ఐదేళ్ల కిందట జ్వరానికి యాంటీబయాటిక్‌తో కలిపి ఇచ్చారు, తరవాత నాన్నగారితో పాటు ఆవిడకూ అలవాటైపోయింది. అమ్మకు థైరాయిడ్ మాత్ర ఉంది. రెండూ ఒకేసారి కాఫీతో వేసుకుంటుంది.

వార్డు డ్యూటీ
ఇదే కావాలి. మీ ఇంట్లో ఒకే డబ్బాలోని ఒకే మాత్రకు రెండు వేర్వేరు జవాబులు ఉన్నాయి.

నాన్నగారి సంగతి. ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, దాంతో పాటు జీర్ణాశయం గోడను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలనూ తగ్గిస్తుంది. పూత ఉన్న ఆస్పిరిన్ అయినా రక్తం ద్వారా ఈ పని చేస్తుంది. పైన క్లోపిడోగ్రెల్ కూడా ఉంది, అదీ రక్తం గడ్డకట్టకుండా చేసేదే. 65 దాటిన వయసు. పుండు పడితే రక్తం ఆగడం కష్టం. ఇలాంటివారిలో గ్యాస్ మాత్ర కడుపుకు కాపలా. ఐదు రోజుల కారణం ఎప్పుడో తీరిపోయింది గానీ నాలుగేళ్ల కిందట కొత్త కారణం వచ్చింది. ఎవరూ చీటీలో రాయలేదంతే. మీరు ఆపకండి. అసలు అడగాల్సింది కార్డియాలజిస్టును: నాలుగేళ్ల తరవాత కూడా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ అవసరమా, ఒకటి చాలా అని.

క్లోపిడోగ్రెల్ కాలేయంలో ముఖ్యంగా ఒక ఎంజైమ్ వల్ల అసలు మందుగా మారుతుంది. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ అనే గ్యాస్ మాత్రలు ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. అందుకే ఆ రెండింటినీ దానితో కలపవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో హెచ్చరించింది. నాన్నగారిది పాంటోప్రజోల్ కాబట్టి ఆ ఇబ్బంది తక్కువ.

అమ్మగారికి మాత్రం మీరు చెప్పినదాన్ని బట్టి కారణం ఏదీ కనిపించడం లేదు. పైగా ఆమ్లం తగ్గితే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టడం తగ్గుతుంది, కాఫీ దాన్ని ఇంకా తగ్గిస్తుంది. ఆవిడ మాత్ర ఆపాల్సిందే అనిపిస్తోంది, దగ్గర్లో డాక్టర్‌కు ఒకసారి చూపించి.

కడప నుంచి
డాక్టర్ గారూ, మీరు చెప్పిన కాపలా నాకు అర్థమైంది. కానీ మతిమరుపు వస్తుందని 2016లో జర్మనీ వాళ్ల పరిశోధన వచ్చింది కదా. ఎముకలు విరుగుతాయని 2010లోనూ, మెగ్నీషియం తగ్గుతుందని 2011లోనూ ఎఫ్‌డీఏనే చెప్పింది. ఇవన్నీ ఎందుకు చెప్పరు?

వార్డు డ్యూటీ
చెప్పాలి, మీరు అడగడం మంచిదైంది. మతిమరుపు లెక్క ఇన్సూరెన్స్ రికార్డుల నుంచి తీసింది. ముసలివారు, జబ్బులు ఎక్కువున్నవారు ఈ మాత్రలు ఎక్కువ వాడతారు, మతిమరుపూ వాళ్లకే ఎక్కువ వస్తుంది. ఏది దేనివల్ల అని రికార్డులు చెప్పలేవు. దీన్ని తేల్చడానికి కంపాస్ అనే పెద్ద ట్రయల్ పనికొచ్చింది, 2019లో ఫలితాలు అచ్చయ్యాయి. గుండె, రక్తనాళాల జబ్బున్న 17,598 మందికి చీటీ తీసినట్టు కొందరికి పాంటోప్రజోల్, కొందరికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చి మూడేళ్లు చూశారు. ఎముకలు, కిడ్నీలు, మతిమరుపు, న్యుమోనియా వేటిలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పేగు ఇన్ఫెక్షన్లు మాత్రం కొంచెం ఎక్కువ, పాంటోప్రజోల్ వాళ్లలో 1.4 శాతం, ఉత్తి మాత్ర వాళ్లలో 1.0 శాతం.

కడప నుంచి
మూడేళ్లు అన్నారు. అడుగుతున్నది తొమ్మిదేళ్ల గురించి.

వార్డు డ్యూటీ
నిజమే, ఆ మాట కాదనలేను. అందుకే ఎక్కువ కాలం వాడేవారికి, అందులోనూ శాకాహారులకు, మెట్‌ఫార్మిన్ వాడేవారికి బి12 చూడాలని నా అభిప్రాయం. మీ కాళ్ల తిమ్మిరి కథ నా పేషెంట్లకు చెబుతాను. బి12 మాత్రలోని బి12 విడిగా ఉంటుంది కాబట్టి అది ఒంటికి పట్టడానికి ఆమ్లం అక్కర్లేదు.

విశాఖ తీరం
నేను మూడుసార్లు ఆపాలని చూశాను. ఆపిన నాలుగో రోజుకే గొంతు దాకా మంట. దీన్నిబట్టి నాకు జబ్బు ఉన్నట్టే కదా? జీవితాంతం వాడాల్సిందేనా?

వార్డు డ్యూటీ
ఉండవచ్చు, ఉండకపోనూ వచ్చు. ఆమ్లం తగ్గిందని శరీరం గాస్ట్రిన్ అనే హార్మోన్ పెంచుతుంది, ఆమ్లం చేసే కణాల శక్తి పెరుగుతుంది. మాత్ర ఆపగానే గేట్లు ఎత్తిన ప్రకాశం బ్యారేజీలా ఆమ్లం ఒక్కసారిగా వస్తుంది. 2009లో డెన్మార్క్‌లో ఏ జబ్బూ లేని 120 మందిని తీసుకుని సగం మందికి ఎనిమిది వారాలు ఎసోమెప్రజోల్ ఇచ్చి ఆపారు. వారిలో 44 శాతం మందికి తరవాత మంట, పుల్లటి తేన్పులు వచ్చాయి. ఉత్తి మాత్ర వేసుకున్నవారిలో 15 శాతమే. అంటే మంట లేనివారికి కూడా మాత్ర ఆపితే మంట పుట్టింది.

కాబట్టి కొన్ని వారాలు ఓపిక పట్టాలి. ఒక్కసారిగా ఆపినా, రోజు విడిచి రోజు చేసి ఆపినా ఫరవాలేదు. మధ్యలో మంట వస్తే యాంటాసిడ్ సిరప్ లేదా ఆమ్లాన్ని తగ్గించే వేరే రకం మాత్ర ఫామోటిడిన్ తీసుకోవచ్చు. పాత రానిటిడిన్ వద్దు. అందులో ఎన్‌డీఎంఏ అనే కాన్సర్ కారకం పేరుకుంటోందని 2020లో అమెరికాలో మార్కెట్ నుంచి తీసేశారు, మన దేశ అత్యవసర మందుల జాబితా నుంచి 2022లో తప్పించారు. రెండు నెలలైనా తగ్గకపోతే, మింగడం కష్టమైతే, బరువు తగ్గుతుంటే, విరేచనం నల్లగా అయితే ఎండోస్కోపీ చేయించుకోవాల్సిందే. అన్నవాహిక పుండ్లు తీవ్రంగా ఉన్నవారు, బారెట్ మార్పులు (ఏళ్ల తరబడి ఆమ్లం తగిలి అన్నవాహిక లోపలి పొర మారడం) ఉన్నవారు మాత్రం ఆపకూడదు.

డల్లాస్ తెలుగు
ఇక్కడ ఒమెప్రజోల్ 2003 నుంచి చీటీ లేకుండానే దొరుకుతుంది. కానీ డబ్బా మీదే రాసి ఉంటుంది, 14 రోజులు వాడండి, నాలుగు నెలలకు ఒకసారికి మించి ఆ కోర్సు వద్దు అని. ఆ చిన్న అక్షరాలు మా ఇంట్లో కూడా ఎవరూ చదవలేదు. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఆరు నెలల మాత్రలు తెచ్చుకుంటారు. ఈసారి చదివి వినిపిస్తాను.

ఓరుగల్లు బిడ్డ
డాక్టర్ సాబ్, మా పెదనాయన ఇప్పుడు నొప్పి మాత్రలు మానేసిండు. పుండు మానిందని ఎండోస్కోపీలో చెప్పిన్రు. గ్యాస్ మాత్ర ఇంకా వాడాల్నా?

వార్డు డ్యూటీ
ఆ పుండులో హెచ్. పైలోరీ బ్యాక్టీరియా ఉందేమో పరీక్ష చేశారా? ఆ బ్యాక్టీరియా వల్ల పుండ్లు పడతాయని కనుక్కున్నందుకే బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ఉంటే రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సుతో దాన్ని వదిలించాలి, లేకపోతే పుండు మళ్లీ రావచ్చు. పాత రిపోర్టు తీసి చూడండి. నొప్పి మాత్రలు పూర్తిగా మానేసి, బ్యాక్టీరియా కూడా లేదని తేలితే ఆపడం గురించి వాళ్ల డాక్టర్‌తో మాట్లాడవచ్చు.

తెనాలి ఆడపడుచు
రెండున్నర నెలలైంది. ఏమైందో చెప్పకపోతే బాగుండదని రాస్తున్నాను.

నాన్నగారిని కార్డియాలజిస్టు దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన చీటీలన్నీ చూసి క్లోపిడోగ్రెల్ ఆపేశారు, ఆస్పిరిన్ ఉంచారు. గ్యాస్ మాత్ర డోసు 20కి తగ్గించి, పక్కన 'ఆస్పిరిన్ ఉన్నంతకాలం, కడుపు రక్షణకు' అని తన చేత్తోనే రాశారు. బి12 పరీక్ష కూడా రాయించుకున్నాం, సరిగానే ఉంది.

అమ్మది కష్టమైంది. రెండో వారంలో మంట ఎక్కువై రాత్రిళ్లు కూర్చునే నిద్రపోయింది. 'మీరంతా కలిసి నన్ను చంపుతారు' అని ఏడ్చింది. నాకూ టెన్షన్ వచ్చి మళ్లీ మాత్ర ఇచ్చేద్దామనుకున్నాను. డాక్టర్ ఫామోటిడిన్ ఇచ్చారు, రాత్రి అన్నం ఏడున్నరకే పెట్టడం మొదలుపెట్టాం. ఐదో వారానికి తగ్గింది. ఇప్పుడు గ్యాస్‌కు ఏ మాత్రా లేదు. థైరాయిడ్ మాత్ర ఒక్కటే నీళ్లతో వేసుకుని గంట తరవాత కాఫీ తాగుతోంది. నిన్న థైరాయిడ్ పరీక్ష (టీఎస్‌హెచ్) రిపోర్టు వచ్చింది, ఆ మాత్ర డోసు తగ్గించాలన్నారు.

నాన్నగారు మాత్రం ఐదున్నరకు లేచే అలవాటు మానలేదు. స్టీలు గ్లాసు నింపి బల్ల మీద పెట్టుకుని, మాత్ర పక్కన ఉంచుకుని, గడియారం చూస్తూ ఎనిమిదిన్నర దాకా కూర్చుంటున్నారు.