కన్నా ఓటు కన్నాదా, జెండాదా?

నాలుగో లైను, బ్రాడీపేట:
అరండల్‌పేట టీ కొట్టు దగ్గర తెగని గొడవ ఇది. కన్నా లక్ష్మీనారాయణ కాంగ్రెస్‌లో అయిదుసార్లు గెలిచారు. తర్వాత బీజేపీ, ఇప్పుడు టీడీపీ ఎమ్మెల్యే. ఆయనకు పడేది సొంత ఓటా, పార్టీ ఓటా? నేనైతే సొంతదే అంటా. 1994లో ఎన్టీఆర్ గాలికి కాంగ్రెస్‌కు మిగిలినవి 26 సీట్లు. అందులో ఆయన నిలబడ్డ పెదకూరపాడు ఒకటి. 1999లోనూ అంతే, రాష్ట్రం సైకిలెక్కింది, ఆ ఊళ్ళు ఎక్కలేదు.

మిర్చియార్డు బాబాయ్:
అబ్బాయ్, 2019 మింగేశావేంటి! రాష్ట్ర అధ్యక్షుడి హోదాలో కమలం గుర్తు మీద నరసరావుపేట ఎంపీకి నిలబడ్డాడు. ఆ ఏడు రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి నోటాకు పడినన్ని కూడా పడలేదు. పెదకూరపాడు ఆ పార్లమెంటు కిందిదేగా? నాలుగుసార్లు గెలిపించిన జనం అప్పుడెటు పోయారు?

క్రోసూరు కుర్రాడు:
రాష్ట్రానికి ప్రత్యేక హోదా ఇవ్వలేదన్న కోపం బాబాయ్ అది, మనిషి మీద కాదు. మా తాత చెయ్యి గుర్తుకే గుద్దేవాడు. ఎవరికేశావని అడిగితే మాత్రం పార్టీ పేరు చెప్పేవాడు కాదు, “లక్ష్మీనారాయణకి” అనేవాడు. ట్రాన్స్‌ఫార్మర్ కాలినా, పాస్‌బుక్ ఆగినా పొద్దున్నే గుంటూరు బస్సెక్కి ఆయన ఇంటిముందు దిగేవాళ్ళు.

పల్నాటి పులుసు:
అక్కడే ఉంది కిటుకు. పల్లెలో ఎమ్మెల్యేతో పని పడుద్ది, టౌనులో పడదు. 2009లో గుంటూరు పశ్చిమకు మారి గెలిచారు, ఒప్పుకుంటా. వైఎస్, రోశయ్య, కిరణ్ ముగ్గురి దగ్గరా మంత్రిగా చేశారు, వ్యవసాయ శాఖతో సహా. అంత చేసీ 2014లో విభజన దెబ్బకు అదే సీట్లో పోయారు. లక్ష్మీపురంలో అపార్ట్‌మెంటు వాళ్ళకు ఆయన గడప తొక్కే అవసరమేముంది?

నాలుగో లైను, బ్రాడీపేట:
మరి 2024 సత్తెనపల్లి? మాజీ స్పీకర్ కోడెల వర్గం ఆశ పెట్టుకున్న సీటు, ఏడాది ముందు పార్టీలోకొచ్చిన మనిషికిచ్చారు. ఎదురుగా మంత్రి అంబటి. అయినా గెలిచారు.

మిర్చియార్డు బాబాయ్:
కూటమికి 164 వచ్చిన ఏడు అది! పల్నాడు జిల్లా ఏడుకి ఏడూ కొట్టారు. ఆయన వల్లే గెలిస్తే 2024 జూన్‌లో మంత్రి పదవి రావాలిగా? జిల్లాలో ఒక్కరికీ రాలేదు. జగన్ 2022లో ఇదే జిల్లాలో అంబటికీ, విడదల రజనికీ ఇచ్చాడు.

పల్నాటి పులుసు:
మంత్రివర్గం 26 దాటకూడదు బాబాయ్, పైగా అందులో పొత్తు పార్టీలకీ వాటా ఇవ్వాలి. దాన్నిబట్టి ఓటు ఎవరిదో ఎలా తేలుద్ది?

మిర్చియార్డు బాబాయ్:
సరే, వచ్చేసారి ఇండిపెండెంటుగా నిలబడమను. తేలిపోద్ది.

క్రోసూరు కుర్రాడు:
నిలబడడు బాబాయ్. ఆ లెక్క మనకన్నా ఆయనకే బాగా తెలుసు.