తిరుపతి–చిత్తూరు లింకు: ఓఎస్‌పీఎఫ్ నైబర్ ఫుల్ అంటోంది, రూట్లు మాత్రం రావడం లేదు

ప్రశ్న (చిత్తూరు నుంచి)

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గరి ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ పనులు చూస్తుంటాను. ఫ్యాక్టరీకీ తిరుపతిలోని మా కార్యాలయానికీ మధ్య ఈథర్‌నెట్ పోర్టు మీద ఇచ్చిన లీజు లైను ఉంది. రెండు చివర్లా సిస్కో రౌటర్లే. మొన్న పిడుగుపాటుకు ఫ్యాక్టరీ రౌటర్ కాలిపోవడంతో కొత్తది బిగించి, పాత అడ్రసులే ఇచ్చాను: తిరుపతి వైపు 10.20.0.1, మా వైపు 10.20.0.2, మాస్క్ (అడ్రసుల గుంపు పరిమాణం) /30. పింగ్ వెళుతోంది, రౌటర్లు తమ రూట్లను ఒకదానికొకటి చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్‌లో నైబర్ (అవతలి రౌటర్) కూడా ఫుల్, అంటే బంధం పూర్తయింది అని కనిపిస్తోంది, అయినా అవతలి లాన్ రూటు ఒక్కటీ రూటింగ్ టేబుల్‌లోకి ఎక్కడం లేదు. తోతాపురి కాయల ట్రాక్టర్లు కాటా దగ్గర బారులు తీరి ఉన్నాయి, తూకం చీటీ తిరుపతి సర్వర్‌లో నమోదైతే గాని బండి లోపలికి కదలదు. ప్రస్తుతానికి రెండు వైపులా స్టాటిక్ రూట్లు (చేత్తో ఇచ్చే స్థిరమైన దారులు) రాసి నెట్టుకొస్తున్నాను. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (తిరుపతి నుంచి)

రెండు రౌటర్లలోనూ ‘షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్’ కొట్టి, ఫుల్ పక్కన గీత తర్వాత ఏముందో చూడండి. ఒక వైపు చిన్న అడ్డగీత మాత్రమే ఉండి, రెండో వైపు డీఆర్ (ఉమ్మడి నెట్‌వర్క్‌లో ఎన్నికయ్యే ముఖ్య రౌటర్), బీడీఆర్ (దానికి ప్రత్యామ్నాయ రౌటర్) వంటి హోదా ఏదైనా కనిపిస్తే, మీ రెండు చివర్ల నెట్‌వర్క్ టైపులు వేరని అర్థం. ఈథర్‌నెట్ పోర్టుకు ఓఎస్‌పీఎఫ్ తనంతట తాను ఇచ్చే టైపు బ్రాడ్‌కాస్ట్ (చాలా రౌటర్లు ఉండగల ఉమ్మడి నెట్‌వర్క్). తిరుపతి వైపు ఎవరో ఎప్పుడో పాయింట్-టు-పాయింట్ (ఇద్దరి మధ్యే ఉండే లింకు) అని పెట్టి ఉంటారు, మీ కొత్త రౌటర్‌లో ఆ లైను పడలేదు.

రెండు టైపులకూ హలో (పలకరింపు సందేశాల వ్యవధి) 10 సెకన్లు, డెడ్ (అవి రాకపోతే నైబర్ పోయిందనుకునే గడువు) 40 సెకన్లే కావడంతో నైబర్ బంధం ఏ అభ్యంతరమూ లేకుండా కుదిరిపోతుంది, అందుకే ఈ తప్పు అంత తేలిగ్గా దొరకదు. కాని ఒక రౌటర్ ఈ లింకును అవతలి రౌటర్‌కు నేరుగా వెళ్లే దారిగా ప్రకటిస్తుంటే, రెండోది దాన్నే డీఆర్ ఉన్న ఉమ్మడి నెట్‌వర్క్‌గా ప్రకటిస్తుంది. దగ్గరి దారిని తేల్చే ఎస్‌పీఎఫ్ లెక్కలో ఈ రెండు ప్రకటనలూ ఒకదానికొకటి అతకవు కాబట్టి, డేటాబేస్‌లో సమాచారమంతా ఉన్నా రూటు పుట్టదు. మీ ఇంటర్‌ఫేస్ కింద ‘ఐపీ ఓఎస్‌పీఎఫ్ నెట్‌వర్క్ పాయింట్-టు-పాయింట్’ అని ఇవ్వండి. ఇద్దరే ఉన్న లైనులో డీఆర్ ఎన్నిక అవసరమే లేదు.

జవాబు 2 (రేణిగుంట నుంచి)

పై జవాబు సరైనదే. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పాయింట్-టు-పాయింట్ లింకులో ఓఎస్‌పీఎఫ్ హలోలోని మాస్కును సరిపోల్చదు కనుక, ఇకపై ఒక వైపు మాస్క్ పొరపాటుగా పడినా నైబర్ నిలబడే ఉంటుంది. అందుచేత మాస్కులను మీరే కంటితో చూసుకోవాలి. 2000 డిసెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3021 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రకారం ఇలాంటి లింకుకు /31 కూడా వాడవచ్చు, అందులో ఉన్న రెండు అడ్రసులూ రెండు చివర్లకు సరిపోతాయి. అయితే మీవి ప్రైవేటు అడ్రసులు, పొదుపు చేయాల్సిన పని లేదు, పైగా సీజన్ మధ్యలో ఉన్నారు, /30ని కదిలించవద్దు.

ఎవరైనా ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) అనుమానం చెబితే, ఇక్కడ అది కారణం కాదు: ఇంటర్‌ఫేస్ ఎంటీయూలు కలవకపోతే నైబర్ ఫుల్‌కు ముందరి ఎక్స్‌స్టార్ట్ దశ దగ్గరే ఆగిపోతుంది, ఫుల్ దాకా రాదు. అవతలి చివర రౌటర్‌ను దూరం నుంచి మార్చేటప్పుడు ముందుగా ‘రీలోడ్ ఇన్ 10’ ఇచ్చి, మార్పును సేవ్ చేయకుండా పరీక్షించండి. చెయ్యి జారినా పది నిమిషాల్లో పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ ఇచ్చాకే సేవ్ చేయండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. తిరుపతి వైపు ఫుల్ పక్కన అడ్డగీత, మా వైపు బీడీఆర్ అని ఉంది. మీరు చెప్పిన లైను పెట్టిన తర్వాత కూడా టేబుల్‌లో ఓఎస్‌పీఎఫ్‌కు గుర్తైన ‘O’ అక్షరంతో ఏ రూటూ కనిపించక కాసేపు కంగారుపడ్డాను; నేను రాసిన స్టాటిక్ రూట్లే అడ్డమని తరువాత గుర్తొచ్చింది, వాటి డిస్టెన్స్ (తక్కువున్న దారికే ప్రాధాన్యం) 1 అయితే ఓఎస్‌పీఎఫ్‌ది 110 కదా. వాటిని ఒక్కొక్కటిగా తీసేయగానే రూట్లన్నీ వచ్చాయి, చీటీలు తిరుపతిలో నమోదవుతున్నాయి.