బరంపురంలో కొత్త సెలూన్: స్టాఫ్ రీళ్లకు ఏం నియమాలు పెట్టాలి?

ప్రశ్న

పెద్దలందరికీ నమస్కారం. మాది పలాస. రెండు నెలల కిందట నేనూ మా ఆవిడా ఒడిశాలోని బరంపురం వచ్చి గేట్ బజార్ వైపు సెలూన్ తెరిచాం, ఆడవాళ్లకీ మగవాళ్లకీ కలిపి. ఐదుగురు పనిచేస్తున్నారు. ఇద్దరు ఇచ్ఛాపురం నుంచి వచ్చేవాళ్లు, ముగ్గురు ఇక్కడివాళ్లే. పనికి వంక పెట్టలేం. కానీ అస్తమానం ఫోన్లు పట్టుకుని రీళ్లు తీస్తున్నారు. మొన్న ఒక పెద్దావిడ తలకి రంగు పూసుకుని కూర్చున్న వీడియో ఎవరో చూపిస్తే, వాళ్లబ్బాయి వచ్చి గొడవ పెట్టుకున్నాడు. ఫోన్లు తీసుకుని సొరుగులో పెట్టేద్దామంటే కొత్త కస్టమర్లు సగం ఆ రీళ్లు చూసే వస్తున్నారు. ఊరు కొత్త, భాష కొత్త. ఇక్కడ ఎన్నాళ్లుగానో ఉన్నవాళ్లు దారి చెప్పండి.

జవాబు

తమ్ముడూ, ఫోన్లు సొరుగులో పెట్టకు. దానివల్ల పని జరగదు, పనిచేసే పిల్లలు ఫోన్ దాచుకుని బాత్రూమ్‌లోకి వెళ్లి పోస్టు చేస్తారు. నేను బరంపురంలో పార్లర్ పెట్టి 14 ఏళ్లయింది. ముందు నా దగ్గర జరిగింది చెప్తాను, తర్వాత నియమాల సంగతి.

సోంపేట నుంచి ఒక పెళ్లికూతురు వచ్చింది. వరుడిది ఈ ఊరే. ఆ అమ్మాయికి మెడ పైన, జుట్టు లోపల పేనుకొరుకుడు, రూపాయి బిళ్లంత. సవరం పెట్టి, దాని మీద పూలజడ వేస్తే ఎవరికీ తెలియదు. మా దగ్గర జడ వేసిన పిల్ల చెయ్యి అంత మంచిది. తన పని అందరికీ చూపించుకోవాలని ముందూ తర్వాతా రెండూ వీడియో తీసి సాయంత్రం స్టోరీలో పెట్టింది. వెనక నుంచే తీసింది, మొహం పడలేదనుకుంది. ఎదురుగా గోడంత అద్దం ఉంది కదా! బొట్టుతో, బాసికంతో సహా మొహమంతా అందులో కనిపిస్తోంది. స్టోరీ 24 గంటల్లో పోతుంది, నిజమే. కానీ రెండు గంటల్లోనే అది స్క్రీన్‌షాట్ అయి మగపెళ్లివారి వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిపోయింది.

పెళ్లి ఆగలేదు. వారం తర్వాత అమ్మాయి తల్లి వచ్చింది. అరవలేదు. "ఆ సంగతి మా ఆడపడుచుక్కూడా చెప్పలేదమ్మా" అని మాత్రం అంది. ఆ పిల్లని తిట్టడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే ఏది పెట్టకూడదో నేను ఏనాడూ చెప్పలేదు. తప్పు నాది.

అందుకని నీకు మొదట చెప్పేది అద్దం గురించే. సెలూన్‌లో ఎటు తిప్పి తీసినా పక్క కుర్చీ, వెనక సోఫా, తువ్వాలు చుట్టుకున్న మనిషి, అందరూ పడతారు. ఒక కుర్చీ పక్కన సాదా గోడ చూసుకో, వీడియో తీస్తే అక్కడే తియ్యాలి. మిగతా కుర్చీల దగ్గర ఫోన్ పైకెత్తకూడదు. చీర కట్టే గదిలోకి, వాక్సింగ్ గదిలోకి ఎవరి ఫోనూ పోకూడదు, నీదీ మీ ఆవిడదీ కూడా. ఐటీ చట్టంలో 66ఇ అని ఒక సెక్షన్ ఉంది. మనిషి ఒంటి మీద దాచుకునే భాగాల్ని అనుమతి లేకుండా ఫోటో తీసినా, పంపినా, పెట్టినా 3 ఏళ్ల వరకు జైలు, లేదా 2 లక్షలు మించని జరిమానా, లేదా రెండూ. ఈ ముక్క పిల్లలకి బెదిరింపులా చెప్పకు, కూర్చోబెట్టి వివరంగా చెప్పు.

రెండోది అడగడం. ఎలా అడుగుతారన్నదే ముఖ్యం. కళ్లజోడు తీసేసి, తల బేసిన్‌లో వాల్చి, నురగతో ఉన్న మనిషిని "ఆంటీ, ఒక వీడియో తీసుకోనా?" అంటే ఆవిడ కాదనలేదు. అది ఒప్పుకోవడం కాదు. మా దగ్గర కుర్చీలో కూర్చోకముందు ఒకసారి, పని అయ్యాక తీసిన వీడియో చూపించి మరోసారి అడుగుతాం. చూశాక వద్దంటే ఆవిడ ముందే చెరిపేస్తాం. పెళ్లికూతురి వీడియో ఎంత బాగున్నా తలంబ్రాలు అయ్యాకే, అదీ వాళ్లు సరేనంటేనే. వ్యక్తిగత డేటా రక్షణకి 2023లో చట్టం చేశారు, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. ఒప్పుకోవడం ఎంత సులువో ఆ ఒప్పుకోలు వెనక్కి తీసుకోవడం కూడా అంత సులువుగా ఉండాలని అందులో ఉంది. 18 ఏళ్లు నిండని పిల్లలైతే తల్లినో తండ్రినో అడగాలి. ఆరు నెలల తర్వాత ఫోన్ చేసి "అది తీసెయ్యమ్మా" అంటే మేం ఎందుకని అడగం, తీసేస్తాం.

ఈ ఊళ్లో ఇది మరీ అవసరం. ఇక్కడి తెలుగు ఇళ్లకీ ఇచ్ఛాపురం, సోంపేట, పలాస ఇళ్లకీ వియ్యాలు, రాకపోకలు. బరంపురంలో పెట్టిన రీల్ మీ పలాసలో మేనత్త చూడ్డానికి పది నిమిషాలు పట్టదు.

నియమాల కాగితం ఒడియాలో కూడా రాయించు. ఇది కొత్తవాళ్లకి తట్టదు. ఇక్కడ పుట్టిన మన పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ చదివింది ఒడియా బడిలో. నువ్వు తెలుగులో రాసి గోడకి అంటిస్తే మొహమాటానికి తలూపుతారు, చదవలేరు. ఒక పేజీ దాటనివ్వకు.

షాపు అకౌంట్ నీ నంబరు మీదే ఉండాలి, లాగిన్ అయ్యేటప్పుడు రెండో అంచెగా అడిగే ఓటీపీ కూడా నీ ఫోన్‌కే రావాలి. నాకు తెలిసిన ఒక షాపులో కుర్రాడి నంబరుతో తెరిచారు. వాడు పనికోసం సూరత్ వెళ్లిపోయాడు, సిమ్ మార్చేశాడు, నాలుగేళ్ల ఫోటోలు పోయాయి.

రాసే మాటలు కూడా చూసుకో. "వారంలో జుట్టు రాలడం ఆగిపోతుంది", "కెమికల్ అస్సలు లేదు" లాంటివి వద్దు. తప్పుదోవ పట్టించే ప్రకటనకి వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. అసలు రంగు వల్ల ఎవరికైనా దద్దుర్లు వస్తే ఆ రీలే నీకు ఎదురు తిరుగుతుంది. ఇంకో మాట, మన వైపు మంగళవారం పట్టింపు, ఇక్కడ గురువారం. మార్గశిరంలో మాణబసా గురువారాలు ఇంటింటా లక్ష్మీపూజ. ఆ పొద్దున కటింగ్ ఆఫర్ పోస్టు పెడితే మనకి మర్యాద కాదు.

పిల్లల వైపు నుంచి కూడా చూడు, తమ్ముడూ. రీల్‌లో కనిపించాలా వద్దా అన్నది వాళ్లిష్టం. మా దగ్గర ఒక అమ్మాయి చేతులు మాత్రమే చూపిస్తుంది, మొహం చూపిస్తే ఇంట్లో ఒప్పుకోరట. మేం ఎప్పుడూ బలవంతపెట్టలేదు. షాపు కోసం తీసే వీడియో షాపు పనే, డ్యూటీ టైంలోనే చేయించు. పడుకునే వేళ మెసేజ్‌లకి జవాబివ్వమనకు. రీల్ కింద ఎవరైనా కులం పేరు పెట్టి కామెంటు రాస్తే పిల్లల్ని జవాబివ్వనివ్వకు, నువ్వు స్క్రీన్‌షాట్ తీసి దాచి, కామెంటు తీసేసి, ఆ మనిషిని బ్లాక్ చెయ్యి. ఆ మాట పడ్డవాళ్లకి యజమాని తమ పక్కన నిలబడ్డాడని తెలియాలి.

ప్రశ్న

అక్కా, మీరు ఇంత ఓపిగ్గా రాశారు, దండాలు. ఒక్క చిక్కు మిగిలింది. మా దగ్గర ఒక కుర్రాడికి సొంత అకౌంట్‌లో వేలమంది ఉన్నారు. అందులో పెట్టొద్దంటే మానేస్తానంటున్నాడు. మానేస్తే కస్టమర్లని కూడా తీసుకుపోతాడేమో అని మా ఆవిడ భయం.

జవాబు

పెట్టొద్దని ఎందుకంటావు? ఆ కుర్రాడి చేతిపని అది, రేపు ఇంకో ఊళ్లో ఉద్యోగం అడిగితే చూపించుకోవడానికి అదే ఉంటుంది. ఆపితే నీ దగ్గర ఉండడు, ఉన్నా మనసుపెట్టి చెయ్యడు. నువ్వు అడగాల్సింది కొంచెమే. కస్టమర్ ఒప్పుకున్న వీడియోలే పెట్టాలి, సాదా గోడ దగ్గర తీసినవే పెట్టాలి. కస్టమర్ల నంబర్లు సొంత ఫోన్‌లో దాచుకోకూడదు, ఆడవాళ్లకి విడిగా మెసేజ్ పెట్టకూడదు. ఏదైనా కంపెనీ ఊరికే షాంపూ ఇచ్చి పొగడమంటే అది ప్రకటన అని పోస్టులో రాయాలి. వెళ్లిపోతే అప్పటిదాకా పెట్టినవి వాడివే, తీసెయ్యమని అడగకు. ఇవి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని, కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి.

నలుగురైదుగురు కస్టమర్లు వాడితో పోతే పోతారు. మా దగ్గర జడ వేసిన ఆ పిల్ల కూడా తర్వాత సొంతంగా పెట్టుకుంది, కొందరు అటు వెళ్లారు. ఇప్పటికీ పెళ్లిళ్ల సీజన్‌లో మాకు చేతులు చాలకపోతే తనే వస్తుంది.

ఆ పెద్దావిడ ఇంటికి మాత్రం నువ్వూ మీ ఆవిడా కలిసి వెళ్లండి, ఆలస్యం చెయ్యకండి. వీడియో తీసేశామని ఆవిడకే చూపించి, క్షమించమని అడగండి. ఆ వీడియో ఎవరు తీసినా వాళ్లని వెంట తీసుకెళ్లకు, ఇంటి మధ్యలో నిలబెట్టి దోషిని చేసినట్టుంటుంది. మా ఒడియా కాగితం నకలు నీకోసం తీసి పెడతాను. బుధవారం మధ్యాహ్నం మాకు కాస్త తీరిక, ఇద్దరూ భోజనానికి వచ్చి పట్టుకెళ్లండి.