విస్కీ తీశాక మిగిలిన బార్లీ పిప్పిలో ఇంకా ఏముంటుంది?

చలిలో_చింటూ:
ఎడింబరాలో ఎమ్మెస్సీ బయోటెక్ చేస్తున్నా. మొన్న స్పేసైడ్‌లో ఒక డిస్టిలరీకి వెళ్లాం. మ్యాష్ టన్ (బార్లీని వేడినీళ్లలో నానబెట్టి చక్కెర దించే పెద్ద తొట్టి) అడుగు నుంచి బార్లీ పిప్పి పొగలు కక్కుతూ ట్రాలీలో పడుతోంది. డ్రాఫ్ అంటారట, పశువుల దాణాకి పోతుంది. సెల్టిక్ రెన్యూవబుల్స్ వాళ్లు దీన్నుంచి బ్యుటనాల్, ఎసిటోన్ అనే ద్రావకాలు బ్యాక్టీరియాతో తీయడానికి గ్రేంజ్‌మౌత్‌లో ప్లాంటు పెట్టారని మా సార్ చెప్పారు. చక్కెరంతా విస్కీకే పోయాక బ్యాక్టీరియా తినేదేంటి?

పిప్పి_మామ:
పోయింది పిండిలోని చక్కెరే తమ్ముడూ. పొట్టులో సెల్యులోజ్, హెమిసెల్యులోజ్ అనే నార పదార్థాలు అలాగే ఉంటాయి. పల్చటి యాసిడ్‌లో ఉడికించి ఎంజైమ్ వేస్తే గ్లూకోజ్‌తో పాటు జైలోజ్, అరాబినోజ్ అనే చక్కెరలు కూడా దిగుతాయి. విస్కీ ఈస్ట్ ఆ చివరి రెండింటినీ ముట్టదు. నువ్వడిగిన బ్యాక్టీరియా, అంటే క్లాస్ట్రీడియం, మూడూ తింటుంది. కిటుకంతా అక్కడుంది.

పలుచన చేయడానికి నీళ్లు కూడా అక్కర్లేదు, పాట్ ఏల్ పోస్తారు. మొదటి రాగి స్టిల్‌లో (బట్టీలో) ఆల్కహాల్ లేచిపోయాక అడుగున మిగిలే ద్రవం అది. చచ్చిన ఈస్ట్ ఉంటుంది కాబట్టి నైట్రోజన్‌కి లోటుండదు. రాగి కూడా దిగుతుంది, అందుకే గొర్రెలకి పెట్టరు.

బ్యాక్టీరియా ముందు ఎసిటిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు చేస్తుంది. ఆ రెండోది బట్టలకంటితే ఇంట్లోకి రానివ్వరు, మురిగిన వెన్న కంపు! తర్వాత వాటినే ఎసిటోన్, బ్యుటనాల్, ఇథనాల్‌గా మారుస్తుంది, సుమారు 3:6:1. బ్యుటనాల్ 2 శాతానికి చేరేలోపే దాని ప్రాణం మీదికొస్తుంది. విస్కీ ఈస్టేమో 8 శాతం ఆల్కహాల్‌లోనూ బతికేస్తుంది. అంత నీళ్లలోంచి ఆ కాస్త బ్యుటనాల్ విడదీయడానికయ్యే ఆవిరి ఖర్చే నడ్డి విరుస్తుంది.

విద్య మాత్రం పాతదే. మొదటి ప్రపంచయుద్ధంలో కార్డైట్ అనే తుపాకీ మందుకి ఎసిటోన్ కావాలని రసాయన శాస్త్రవేత్త వైజ్‌మన్ పద్ధతిలో మొక్కజొన్న పులియబెట్టారు. 1917లో గింజలకు కటకటైతే బ్రిటన్‌లో బడిపిల్లల చేత హార్స్ చెస్ట్‌నట్ కాయలు ఏరించారు.

నూకల_రాజు:
మామా, మాది సంగారెడ్డి వైపు, నూకలతో నడిచే డిస్టిలరీ. మా డీడీజీఎస్‌తో (ఆల్కహాల్ తీశాక మిగిలే పిప్పిని ఎండబెట్టింది) కుదురుతుందా?

పిప్పి_మామ:
కుదిరినా గిట్టదు. నూకల్లో పొట్టే ఉండదు. మీ దాంట్లో 40 శాతం పైనే ప్రోటీన్, కోళ్లదాణా వాళ్లు కళ్లకద్దుకుని కొంటారు. నార కావాలంటే వరిగడ్డి చూడు.

చలిలో_చింటూ:
థ్యాంక్స్ మామా. జైలోజ్ సంగతి రేపు సార్‌ని అడిగేస్తా.