ఆబ్సెన్స్ ఫిట్స్‌కు మొదటి మందు వాల్‌ప్రోయేటా, ఎథోసక్సిమైడా?

పెన్నా ఒడ్డు (అనంతపురం):
మా పాపకు ఏడేళ్ళు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతుంది. పది సెకన్లు ఎటో చూస్తుంది, రెప్పలు టపటపలాడతాయి, మళ్ళీ ఏమీ జరగనట్టే మాట అందుకుంటుంది. ఊళ్ళో గాలి సోకిందంటే తాయెత్తు కూడా కట్టించాం. మెదడు కరెంటును గీతలుగా చూపే ఈఈజీ తీస్తే సెకనుకు మూడు చొప్పున స్పైక్ వేవ్‌లు వచ్చాయి. చిన్నపిల్లల ఆబ్సెన్స్ ఎపిలెప్సీ అని చెప్పి డాక్టర్ గారు వాల్‌ప్రోయేట్ సిరప్ రాశారు. నిన్నటి నుంచి మొదలుపెట్టాం. బెంగళూరులో మందుల కంపెనీలో పనిచేసే మా బామ్మర్ది మాత్రం "అది కాదు బావా, ఎథోసక్సిమైడ్ అడుగు. జబ్బు పుట్టే చోట ఉండే టీ-టైప్ కాల్షియం ఛానెల్‌నే అది పట్టుకుంటుంది" అంటున్నాడు. కాల్షియం మాట చెవిన పడగానే మా అమ్మ పాపకు రాగిసంగటి, పాలు రెండూ బంద్ చేసింది. మందు మార్చమని డాక్టర్‌ను అడగొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండప్పా.

కొండారెడ్డి బురుజు (కర్నూలు, ఫార్మకాలజీ పీజీ):
అన్నా, ముందు పాపకు సంగటి పెట్టించండి. తిండిలో కాల్షియం ఎక్కువైనంత మాత్రాన ఛానెళ్ళు తెరుచుకోవు. రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో పారాథైరాయిడ్ హార్మోన్ చూసుకుంటుంది. పైగా కాల్షియం బాగా తగ్గితే దానివల్లే ఫిట్స్ వస్తాయి. వాల్‌ప్రోయేట్ ఎక్కువ కాలం వాడే పిల్లల్లో ఎముకలు పలచబడే అవకాశం ఉంది కాబట్టి రాగులు, పాలు ఇంకా అవసరం.

ఇక ఛానెల్ సంగతి. కణం పొరలో కాల్షియం లోపలికి వచ్చే దారులు కొన్ని రకాలు. ఇంట్లో పెద్దవాళ్ళు బీపీకి మింగే ఆమ్లోడిపిన్ ఎల్-టైప్‌ను మూస్తుంది. అది తెరుచుకోవాలంటే కణం వోల్టేజి బాగా పెరగాలి. టీ-టైప్ అలా కాదు, సుమారు మైనస్ 60 మిల్లీవోల్టుల దగ్గరే తెరుచుకుని, క్షణంలో మూసుకుపోతుంది. ఒకసారి మూసుకున్నాక కణం వోల్టేజి ఇంకా కిందికి దిగి వస్తే తప్ప మళ్ళీ సిద్ధం కాదు. దీని తిరకాసంతా ఇక్కడే ఉంది. మెదడు నడిమధ్య థాలమస్‌లో కణాలను కాసేపు అణిచిపెట్టి వదిలితే టీ-టైప్‌లన్నీ ఒక్కసారి తెరుచుకుని కణాలు జమాయించి పేలతాయి. కరెంటు పోయి రాగానే ఆటో స్టార్టర్లున్న బోరు మోటర్లన్నీ ఒకేసారి లేచి ట్రాన్స్‌ఫార్మర్‌ను కొట్టేసినట్టు. ఆ పేలుడు సెకనుకు మూడుసార్లు తిరగబడితే మీ పాప ఈఈజీలో కనిపించిన గీత అదే. రాత్రి గాఢనిద్రలో మనందరి మెదడూ ఇదే యంత్రాంగాన్ని మంచి పనికి వాడుకుంటుంది. మెలకువలో అది పట్టు తప్పడమే జబ్బు.

నా ఓటు ఎథోసక్సిమైడ్‌కే. 2010లో అమెరికాలో 453 మంది ఆబ్సెన్స్ పిల్లల మీద మూడు మందులు పోల్చారు. 16 వారాలకు మందు విఫలం కాకుండా నిలిచినవాళ్ళు ఎథోసక్సిమైడ్‌తో 53 శాతం, వాల్‌ప్రోయేట్‌తో 58, లామోట్రిజిన్‌తో 29.

కడప గడప (కడప, జనరల్ ప్రాక్టీస్):
డాక్టరమ్మా, మీరిచ్చిన లెక్కలోనే 58 పెద్దదా, 53 పెద్దదా?

నవ్వులాటకు అన్నాను, రెంటికీ తేడా లేనట్టే లెక్క అని నాకూ తెలుసు. కానీ ఛానెల్ పేరు చెప్పి మందు అమ్మే పద్ధతి నాకు నచ్చదు. టీ-టైప్ మందు అంటూ మిబెఫ్రాడిల్ అనే బీపీ మాత్ర 1997లో అమెరికాలో ఆమోదం పొందింది, 1998 జూన్‌కల్లా వెనక్కి పోయింది. ఎలుకల్లో కావ్ 3.2 అనే టీ-టైప్‌ను ఆపితే షుగర్ నరాల నొప్పి తగ్గుతోందని, ఏబీటీ-639 అనే మందును మనుషులకిచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర కంటే ఏమీ మెరుగు కాలేదు. అరికాళ్ళ మంటలతో రోజూ నా దగ్గరికి వచ్చే షుగర్ పేషెంట్లకు ఆ ఎలుకల వల్ల ఒరిగిందేమీ లేదు.

అసలు ఎథోసక్సిమైడ్ టీ-టైప్ మీదే పనిచేస్తుందని 1989లో ఒక బృందం చూపితే, 1998లో ఇంకో బృందం థాలమస్ కణాల్లో తమకది కనబడలేదని, సోడియం కరెంటు మీద ప్రభావం ఉందని రాసింది. అడ్వాన్స్‌గా ఎందుకు పందెం కాయాలి? పైగా ఈ మందు పెద్ద ఫిట్స్‌ను, అంటే ఒళ్ళంతా కొట్టుకునే రకాన్ని ఆపదు. వాల్‌ప్రోయేట్ రెంటినీ చూసుకుంటుంది. మారుమూల పల్లె నుంచి వచ్చే పిల్లకు నేను మొదట రాసేది అదే.

కొండారెడ్డి బురుజు:
సార్, మిబెఫ్రాడిల్‌ను ముంచింది టీ-టైప్ కాదు. కాలేయంలో మందులను అరిగించే 3ఏ4 ఎంజైమ్‌ను అది మూసేసింది, దాంతో పక్కన వాడే ఇతర మందులు ఒంట్లో పేరుకుపోయాయి. ఆ పాపం ఛానెల్ ఖాతాలో రాయడం న్యాయం కాదు. కావ్ 3.1 అనే ఇంకో టీ-టైప్ జన్యువు తీసేసిన ఎలుకల్లో, మందు పెట్టి స్పైక్ వేవ్ తెప్పించాలని చూసినా రాలేదని 2001లో తేలింది. థాలమస్‌లో టీ-టైప్ పాత్ర లేదని ఎవరూ అనలేరు.

సరే, ఛానెల్‌ను పక్కన పెడదాం. ఆ 453 మంది పిల్లల పరీక్షలోనే ఇంకో లెక్క మీరు దాటేశారు. ఏకాగ్రత దెబ్బతిన్న పిల్లలు ఎథోసక్సిమైడ్‌తో 33 శాతమైతే వాల్‌ప్రోయేట్‌తో 49. ఫిట్స్ సమానంగా తగ్గుతున్నప్పుడు బడికి పోయే పిల్లకు చదువు పాడు చేయని మందే మొదట ఇవ్వాలి కదా.

చేనేత వీధి (ధర్మవరం, టీచర్):
మందుల సంగతి నాకు తెలియదు, ఏకాగ్రత మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మా క్లాసులో ఇలాంటి పిల్లవాడు ఉండేవాడు. డిక్టేషన్ నోట్‌బుక్కులో వాక్యం మధ్య నాలుగైదు మాటలు ఉండవు. ఆగిన చోట పెన్సిల్ గీత సన్నగా కిందికి జారి ఉంటుంది, తర్వాత మాట మళ్ళీ చక్కగా గుండ్రంగా మొదలవుతుంది. బద్ధకంతో మానేసే పిల్లల రాత అలా ఉండదు. మందు మొదలెట్టాక ఆ ఖాళీలు పోయాయి, కానీ పిల్లవాడు మందకొడిగా అయ్యాడు, ఎక్కాలు అప్పజెప్పడానికి తడుముకునేవాడు. అప్పుడు అది ఏ మందో నేను అడగలేదు. పెన్నా ఒడ్డు గారూ, మీ పాప నోట్‌బుక్కులు తీసుకుని వెళ్ళండి. డాక్టర్లకు వీడియో చూపిస్తారు గానీ ఇది ఎవరూ చూపించరు.

మందుల అంగడి (కర్నూలు, నంద్యాల చెక్‌పోస్ట్):
ఇద్దరు డాక్టర్లూ వాదించుకుంటున్నారు, అంగడికి వచ్చేవాడి కష్టం నేను చెబుతా. వాల్‌ప్రోయేట్ ఏ వీధిలోనైనా దొరుకుతుంది. ఎథోసక్సిమైడ్ చీటీ తెస్తే నేను తెప్పించాలి. తెప్పించేలోపు సీసా అయిపోతే పాపకు ఫిట్స్ మళ్ళీ వస్తాయి. వాడితే నెల ముందే చెప్పి పెట్టుకోవాలి.

ఇంకోటి. పక్కింటి మామకు ఫిట్స్‌కు కార్బమజెపిన్ పనిచేసిందని చీటీ లేకుండా అదే పిల్లకు అడిగేవాళ్ళున్నారు. నేను ఇవ్వను.

కడప గడప:
అంగడి అన్న చెప్పింది లక్షలు చేసే మాట. కార్బమజెపిన్, ఫెనిటాయిన్ ఆబ్సెన్స్‌ను తగ్గించకపోగా పెంచొచ్చు. "ఫిట్స్ మాత్ర" అని ఒకే పేరు పెట్టేస్తే ఇదే గండం.

డాక్టరమ్మా, ఏకాగ్రత లెక్క ఒప్పుకుంటున్నా. కానీ మీ మందుకూ కడుపునొప్పి, వాంతులు, ఎక్కిళ్ళు ఉన్నాయి. తిండి మానేసిన పిల్లను తల్లి మళ్ళీ నా దగ్గరికే తెస్తుంది. ఆడపిల్ల, రేపు గర్భం, అంటారేమో. ఈ జబ్బు చాలామందిలో పన్నెండు, పద్నాలుగేళ్ళకు తగ్గిపోతుంది. అప్పటికి మందు ఆపేస్తాం.

కొండారెడ్డి బురుజు:
చాలామందిలో తగ్గుతుంది సార్, అందరిలో కాదు. తగ్గనివాళ్ళలో కొందరికి యవ్వనంలో పెద్ద ఫిట్స్ మొదలవుతాయి. ఏడేళ్ళ వయసు నుంచి వాడుతున్న మందని అలాగే కొనసాగిస్తారు, పెళ్ళయ్యాక కూడా ఎవరూ మార్చరు. గర్భంలో వాల్‌ప్రోయేట్ పడ్డ బిడ్డల్లో నూటికి పది మందికి అవయవ లోపాలుంటాయి, వెన్నుపాము సరిగా మూసుకోకపోవడంతో సహా. తెలివితేటల మీద కూడా దెబ్బ. మీ వాదనలో ఒకటి మాత్రం నేను కాదనలేను. పాపకు పెద్ద ఫిట్స్ ఒక్కసారి వచ్చి ఉన్నా నేనూ ఎథోసక్సిమైడ్ ఒక్కదాన్నే ఇవ్వను.

పెన్నా ఒడ్డు:
పెద్ద ఫిట్స్ ఎప్పుడూ రాలేదు మేడం. సోమవారం నోట్‌బుక్కులు పట్టుకుని డాక్టర్ గారి దగ్గరికి పోతున్నాం, ఎథోసక్సిమైడ్ ఎందుకు రాయలేదో మర్యాదగానే అడుగుతా. మా అమ్మ సంగటికి ఒప్పుకుంది, పాలకు ఇంకా లేదు. సోమవారం దాకా సిరప్ ఆపాలా?

కడప గడప:
వద్దు. మార్చినా వాల్‌ప్రోయేట్‌ను డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగానే తగ్గించాలి. ఈ ఒక్కటీ డాక్టరమ్మను కూడా అడగండి, వేరేగా చెప్పదు.

కొండారెడ్డి బురుజు:
చెప్పను.