‘తెల్లబట్ట’లో ఉన్నది ఏ బట్ట?

కోవూరు దగ్గర పల్లెల్లో ఆడవాళ్ళకు పంచడానికి ఒక ఆరోగ్య కరపత్రం తెలుగు చేస్తున్నాను. ఇంగ్లీషు ప్రతిలో ‘ఈస్ట్ ఇన్‌ఫెక్షన్’ అని ఉంది, అంటే ఈస్టు అనే సూక్ష్మజీవి పెరగడం వల్ల యోనిలో వచ్చే జబ్బు. మాలో ఒకరు దాన్ని ‘యోని శిలీంధ్ర సంక్రమణం’ అని రాసి పంపారు. అరుగు మీద కూర్చోబెట్టి నలుగురికి చదివి వినిపిస్తే ఒక్కరికీ బోధపడలేదు. చివరికి ఒక పెద్దావిడ, “అంటే తెల్లబట్టేనా అమ్మా?” అని అడిగింది. అవునని చెప్పబోయి ఆగిపోయాను. ఆ ‘అవును’ సగమే నిజం. మిగతా సగం కోసమే ఈ చర్చ పెడుతున్నాను.

ముందు మాట సంగతి. ‘బట్ట’కు పాత తెలుగులో దారి అనే అర్థం కూడా ఉంది. ‘బట్టతల’లోని బట్టకూ కట్టుకునే గుడ్డకూ చుట్టరికం కనిపించదు. కాబట్టి తెల్లబట్టలోది ఏ బట్ట అన్న ప్రశ్న అడగదగ్గదే. నా మటుకు నాకు ఇది గుడ్డే. దీనికి జతగా ‘ఎర్రబట్ట’ ఉంది, నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడాన్ని అలా అంటారు. రెండు మాటలూ ఒంట్లో ఏం జరిగిందో చెప్పవు, బట్ట మీద ఏం కనపడిందో చెబుతాయి. అవయవం పేరు ఎత్తకుండా, ఎవరూ తలదించుకోకుండా తల్లికీ అత్తకూ చెప్పుకోగలిగిన మాట ఇది. దాన్ని చులకనగా చూసి పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఈస్ట్ ఇన్‌ఫెక్షన్‌కు ఎక్కువసార్లు కారణమయ్యే ఈస్టు శాస్త్రనామం కాండిడా ఆల్బికన్స్. లాటిన్‌లో కాండిడా అంటే మెరిసే తెలుపు, ఆల్బికన్స్ అంటే తెల్లబడుతున్నది. పాత రోమ్‌లో పదవికి పోటీ చేసేవారు సుద్దతో తెల్లగా మెరిపించిన ‘టోగా కాండిడా’ అనే వస్త్రం కట్టుకుని జనంలోకి వచ్చేవారు. మన ఎన్నికల ‘క్యాండిడేట్’ ఆ తెల్లబట్టలోంచి వచ్చినవాడే. 1923లో క్రిస్టీన్ బెర్కౌట్ అనే డచ్చి శాస్త్రవేత్త ఈ ఈస్టుల ప్రజాతికి కాండిడా అని పేరు పెట్టింది. మన పల్లెల్లో ‘తెల్లబట్ట’ అన్న మాట మొదట పలికిన ఆవిడకు లాటిన్ తెలియదు. ఆమెకూ ముందు కనపడింది తెలుపే. ఇది తెలిసిన రోజు నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

ఇక సగం నిజం దగ్గరికి వస్తాను. తెల్లబట్ట ఒక గుర్తు పేరు, జబ్బు పేరు కాదు. నెల మధ్యలో అండం విడుదలయ్యే రోజుల్లో, కడుపుతో ఉన్నప్పుడు కొంత తెలుపు కావడం సహజం. ఈస్టు వల్ల అయ్యే తెలుపు వేరు, బాక్టీరియా వల్ల అయ్యేది వేరు, ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి వల్ల అయ్యేది వేరు. ఒక్కోదానికి ఒక్కో మందు. మాట ఒక్కటే కావడంతో దుకాణంలో మాత్ర కూడా ఒక్కటే అయిపోతోంది.

మా పిన్నికి రెండేళ్ళు ఇదే జరిగింది. వేడి చేసిందని సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు తాగించారు. మందుల దుకాణంలో “తెల్లబట్టకు మాత్ర” అని అడిగితే ఎప్పుడూ అదే ఇచ్చేవారు. పది రోజులు తగ్గి మళ్ళీ మొదలయ్యేది. కార్తీకంలో ముసురు పట్టినప్పుడు ఆమె పెరట్లో తీగ మీద తన గుడ్డలు ఆరేయడం చూశాను. కింద గుడ్డ, దాన్ని ఎవరూ చూడకుండా పైన చీర. చీర ఆరేది, గుడ్డ ఆరేది కాదు. మర్నాడు ఆ చెమ్మ గుడ్డనే వాడేది. చివరికి ఒక డాక్టరమ్మ రక్తపరీక్ష రాస్తే షుగరు ఉందని తేలింది. ఒంట్లో చక్కెర అదుపు తప్పితే ఈస్టుకు మేత దొరికినట్టే. ఆ రెండేళ్ళలో ఆమెను ఒక్క ప్రశ్న అడిగిన మనిషి లేకపోయాడే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మీ ప్రాంతంలో ఈ తేడాలు చెప్పే మాటలు ఏమున్నాయో రాయండి.

కావలి నుంచి, ఆశా కార్యకర్త: అక్కా, తేడాలకు మాటలు లేకపోలేదు, మనం అడగడం లేదంతే. నేను ఇంటికి వెళ్తే మూడు అడుగుతాను. “పాలు విరిగినట్టు తరకలు తరకలుగా ఉందా? నీచు వాసన వస్తోందా? నురగగా, పచ్చగా ఉందా?” విరిగిన పాలలా ఉండి, వాసన పెద్దగా లేకుండా, దురద విపరీతంగా ఉండి, మూత్రం పోసేటప్పుడు మంట అంటే ఈస్టు కావచ్చని అనుకుంటాను. నీచు వాసన అంటే బాక్టీరియా అని అనుమానం. నురగ, పచ్చదనం ఉంటే ట్రైకోమోనాస్ కావచ్చు, అప్పుడు భర్తకు కూడా మందు పడాలి. నేను నిర్ధారణ చేయను, డాక్టరు దగ్గరికి పంపుతాను. అయితే ‘నీచు’ అన్న మాట పడగానే మా ఊరి ఆడవాళ్ళ ముఖంలో తెలిసిపోతుంది. రోజూ చేపలు కడిగే చేతులు కదా, ఆ వాసన వాళ్ళకు ఎవరూ వివరించనక్కర్లేదు.

ఒంగోలు నుంచి, తెలుగు ఉపాధ్యాయుడు: అమ్మా, ‘శిలీంధ్రం’ బరువనిపిస్తే ‘బూజు’ అంటే ఎలా ఉంటుంది? అచ్చ తెలుగు మాట, పిల్లలకు కూడా తెలుసు. పాఠ్యపుస్తకాల్లో ఈస్టుకు ‘మధుశిలీంధ్రం’ అన్న మాట కూడా ఉంది. ఇంకొక సందేహం. మా ఇంట్లో ఈ జబ్బు వచ్చాక పులిసిన పిండి కారణమని ఇడ్లీ, దోసె మానేశారు. అందులో నిజముందా?

చర్చ పెట్టినవారు: మాస్టారూ, ‘బూజు’ అర్థమవుతుంది, కానీ గుచ్చుకుంటుంది. బూజు పట్టిందంటే దులపలేదని, శుభ్రం లేదని మన భాషలో నింద. ఈ జబ్బు శుభ్రం లేకపోవడం వల్ల వచ్చేది కాదు. కాండిడా కొద్దిగా చాలామంది ఒంట్లో, నోట్లో, పేగుల్లో, యోనిలో ఎప్పుడూ ఉండేదే. అక్కడ ఉండే మేలు చేసే బాక్టీరియా దాన్ని అణచి ఉంచుతుంది. జ్వరానికో దగ్గుకో యాంటీబయాటిక్ వాడితే ఆ మేలు చేసేవి కూడా చచ్చిపోతాయి, ఈస్టు పెరుగుతుంది. గర్భం, అదుపులో లేని షుగరు, స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తి తగ్గడం కూడా కారణాలే. ‘బూజు’ అని రాస్తే పాపం సబ్బుతో, క్రిమినాశక ద్రవాలతో లోపలిదాకా కడిగేస్తారు, దానితో మంట ఇంకా పెరుగుతుంది. ప్రతి నలుగురు ఆడవాళ్ళలో దాదాపు ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వచ్చే జబ్బు ఇది. దానికి నిందతో కూడిన పేరు పెట్టడానికి నాకు చేయి రాదు.

‘మధుశిలీంధ్రం’ రొట్టె, కల్లు పులియబెట్టే ఈస్టుకు చక్కగా సరిపోతుంది. అది శాకరోమైసిస్, దీని ప్రజాతే వేరు. ఇక ఇడ్లీ పిండిని పులియబెట్టేది ముఖ్యంగా లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియా. దయచేసి ఇంట్లో దోసెలు మళ్ళీ మొదలుపెట్టించండి.

నెల్లూరు నుంచి, చర్మవైద్యం చదువుతున్న విద్యార్థి: అక్కా, నాదొక మాట. ఈస్టు జబ్బు అనగానే ఆడవాళ్ళ జబ్బనే అనుకుంటారు. మెడ మీద, వీపు మీద వచ్చే ‘శోభి’ మచ్చలు కూడా ఈస్టు వల్లే, అది మలసీజియా. చెమట ఎక్కువ పట్టే మన ఎండల్లో చాలామందికి వస్తుంది. దాన్ని బొల్లి అనుకుని పెళ్ళి సంబంధాలు ఆపుకున్నవారిని చూశాను. రెండూ వేరు, శోభి పూత మందుతో పోతుంది, రంగు తిరిగి రావడానికి మాత్రం నెలలు పడుతుంది. మగవాళ్ళకు, ముఖ్యంగా షుగరు ఉన్నవారికి, అంగం చివర కాండిడా వల్ల ఎర్రబడి దురద పెడుతుంది.

ఆడవాళ్ళ ఈస్టు జబ్బుకు మందుల సంగతి కరపత్రంలో ఇలా రాయవచ్చు. మామూలు కేసులో క్లోట్రిమజోల్ లోపల పెట్టుకునే మాత్ర గానీ, ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కసారి గానీ డాక్టరు రాస్తారు. గర్భిణులు ఆ నోటి మాత్ర వేసుకోకూడదు, వారికి లోపల పెట్టుకునే మందు 7 రోజులు వాడతారు. ఏడాదిలో 3 సార్లు, అంతకు మించి వస్తే షుగరు పరీక్ష తప్పనిసరి. దుకాణంలో స్టెరాయిడ్ కలిపిన దురద పూతలు అడక్కుండానే ఇచ్చేస్తారు. దురద తగ్గినట్టుంటుంది, ఈస్టు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. దీన్ని పెద్ద అక్షరాల్లో వేయండి.

చర్చ పెట్టినవారు: తమ్ముడూ, తప్పకుండా వేస్తాను. అందరి మాటలూ కలుపుకుని రాసిన వాక్యం ఇది: “తెల్లబట్ట అవుతోందా? విరిగిన పాలలా ఉండి దురద, మంట ఉంటే అది ఈస్టు వల్ల కావచ్చు. నీచు వాసన వచ్చినా, నురగ కనిపించినా వేరే జబ్బు కావచ్చు. ఏది ఉందో డాక్టరుకు ఈ మాటల్లోనే చెప్పండి. గుడ్డలు చీర కింద దాచకండి, ఎండలో ఆరేయండి.” ఈస్టును ఈస్టుగానే ఉంచాను, బస్సును బస్సుగా ఉంచుకున్నట్టు. నిన్న పిన్నికి చదివి వినిపించాను. చివరి వాక్యం దగ్గర నా వైపు చూసి, “ఇది నా గురించే రాశావు కదా” అంది. ఉంచమంటావా తీసేయమంటావా అని అడిగితే ఉంచమంది.

ఒక్క మాట మాత్రం ఇంకా దొరకలేదు. పసిపిల్లల నాలుక మీద, బుగ్గల లోపల తెల్లగా పేరుకునేది కూడా కాండిడాయే. వేలికి తడిగుడ్డ చుట్టి తుడిస్తే పాల మరక వచ్చేస్తుంది, ఇది సులువుగా రాదు, గీకితే కింద ఎర్రగా కనపడుతుంది. మా వైపు దీన్నీ, నోట్లో పుండ్లనూ కలిపి ‘నోటిపూత’ అనే అంటారు. కందుకూరు వైపు గానీ, ఒంగోలు వైపు గానీ దీనికి విడిగా పేరు ఉంటే రాయండి. కరపత్రం అచ్చుకు వెళ్ళడానికి ఇంకా వారం ఉంది.